పాచికలు కట్టే ప్రపంచాలు: ఫాంటసీ ఆటల్లో యాదృచ్ఛిక పట్టికల గణితం

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. ఆయన్ని గేమ్ మాస్టర్ అంటారు. మిగిలినవారు తలా ఒక పాత్ర తీసుకుంటారు: ఒకరు కత్తి పట్టిన వీరుడు, ఒకరు మంత్రగత్తె, మరొకరు దొంగ. కంప్యూటరు, తెర ఏమీ ఉండవు. మాటలు, కాగితాలు, కొన్ని పాచికలు చాలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించి 1974లో అమెరికాలో విడుదల చేసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు జనంలోకి వచ్చాయి.

ఈ ఆటల్లో గేమ్ మాస్టర్‌కు ఎదురయ్యే పెద్ద చిక్కు ఒకటుంది. ఆయన వారమంతా కూర్చుని కొండ మీది కోటను గది గదిగా సిద్ధం చేసుకుంటాడు. తీరా ఆటలో, కోట సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ అడవిలోకి వెళ్దామంటారు ఆటగాళ్లు. ఆ అడవిలో ఏముంది? అవతల ఊరుందా? ఆ ఊరి పేరేమిటి? జవాబు అప్పటికప్పుడు చెప్పాలి. మొత్తం ప్రపంచాన్ని ముందే రాసిపెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. అందుకే ఈ ఆటల్లో మొదటి నుంచీ ఒక ఉపాయం ఉంది. దాని పేరే యాదృచ్ఛిక పట్టిక. చూడటానికి చిన్న కాగితం ముక్కే అయినా, దానిలో సంభావ్యతా శాస్త్రం చాలా దాగి ఉంది.

పాత ఉపాయమే

యాదృచ్ఛిక పట్టిక అంటే వరుస సంఖ్యలు వేసిన జాబితా. పాచిక వేస్తే వచ్చిన సంఖ్య ఎదురుగా ఏది రాసి ఉంటే, ఆటలో అదే జరుగుతుంది. ‘అడవిలో ఎదురయ్యేది’ అనే శీర్షిక కింద 20 పంక్తులు రాసుకుని, 20 ముఖాల పాచిక వేస్తే పని జరిగిపోతుంది.

పాచిక అడిగిన ప్రశ్నకు పట్టిక జవాబు చెప్పడం ఆధునికులు కనిపెట్టినదేమీ కాదు. 1890లో మధ్య ఆసియాలోని కూచా వద్ద హామిల్టన్ బోవర్ అనే బ్రిటిష్ అధికారి చేతికి ఒక సంస్కృత వ్రాతప్రతి దొరికింది. సుమారు 1500 ఏళ్ల నాటి ఈ బోవర్ ప్రతిలో వైద్య గ్రంథాలతోపాటు పాచికలతో జోస్యం చెప్పే భాగాలూ ఉన్నాయి. నాలుగు విలువలున్న పాచికను మూడుసార్లు వేస్తే 4 × 4 × 4 = 64 వరుసలు వస్తాయి. ఒక్కో వరుసకు ఒక్కో ఫలితం రాసి ఉంటుంది. ప్రాచీన గ్రీకు ప్రపంచంలోనూ ఆరు ముఖాల పాచికను మూడుసార్లు వేసి, హోమర్ కావ్యాల నుంచి ఎంచిన 216 పాదాల్లో ఒకదాన్ని జవాబుగా తీసుకునే పద్ధతి ఉండేది. ఆనాటి వారు ఆ జవాబును దైవవాక్కుగా భావించారు. ఈనాటి గేమ్ మాస్టర్ దాన్ని కథకు ముడిసరుకుగా వాడుకుంటాడు. లెక్క మాత్రం రెండింటిలోనూ ఒకటే.

పాచిక లేకుండా, మనసుకు తోచింది చెబితే సరిపోదా? మనిషి మనసు యాదృచ్ఛికంగా ఎంచుకోవడంలో చాలా బలహీనం. నాణెం ఎగరేసినట్టు ఊహించుకుని బొమ్మ, బొరుసు వరుసగా రాయమంటే చాలామంది ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి రాస్తారు. వరుసగా నాలుగైదు బొమ్మలు రాయడానికి చేయి రాదు. నిజమైన నాణెం అలా మొహమాటపడదు. కథ చెప్పేవారికీ ఇలాంటి అలవాట్లే ఉంటాయి. ప్రతి సత్రం యజమానీ లావుపాటి మనిషే అవుతాడు, ప్రతి అడవిలోనూ తోడేళ్లే ఎదురవుతాయి. పట్టిక ఈ అలవాటు గాడి నుంచి కథను బయటికి లాగుతుంది.

ఒక పాచికా, రెండు పాచికలా?

పట్టిక రాసేటప్పుడు తేల్చుకోవాల్సిన మొదటి విషయం: ఎన్ని పాచికలు వేయాలి? ఒకే పాచిక వేస్తే అన్ని ఫలితాలకూ సమాన అవకాశం ఉంటుంది. 20 ముఖాల పాచికతో ప్రతి పంక్తికీ 5 శాతం. దానిలో డ్రాగన్ ఒక పంక్తి, కట్టెలు కొట్టేవాడు ఒక పంక్తి అయితే, ఆ లోకంలో డ్రాగన్లు, కట్టెలు కొట్టేవారు ఒకే సంఖ్యలో తిరుగుతున్నట్టే లెక్క.

రెండు ఆరు ముఖాల పాచికలు వేసి కూడితే సంగతి మారుతుంది. మొత్తం 36 జతలు. 2 రావాలంటే ఒకటే దారి, రెండు పాచికలూ 1 చూపాలి. 7 రావడానికి ఆరు దారులున్నాయి: 1-6, 2-5, 3-4, 4-3, 5-2, 6-1. కాబట్టి 7 వచ్చే అవకాశం 2 కన్నా ఆరు రెట్లు. దీన్ని వాడుకుని అడవి పట్టికను ఇలా రాయవచ్చు:

2: డ్రాగన్ నీడ చెట్ల మీదుగా సాగిపోతుంది (36లో 1)
3–4: దారి తప్పిన సైనికులు (36లో 5)
5–6: అడవి పందుల గుంపు (36లో 9)
7: కట్టెలు కొట్టేవారు (36లో 6)
8–9: వ్యాపారుల బండ్లు (36లో 9)
10–11: దారి దోపిడీగాళ్లు (36లో 5)
12: ఎవరూ లేని పాత గుడి, లోపల వెలుగుతున్న దీపం (36లో 1)

ఈ పట్టిక చదివితే ఆ అడవి స్వభావం తెలిసిపోతుంది. అది వ్యాపార మార్గం, దొంగల భయం ఉంది, డ్రాగన్ ఉంది కానీ అరుదు. ఎంత అరుదు? ఆట సాగేకొద్దీ 30 సార్లు ఈ పట్టిక వాడితే, ఒక్కసారైనా డ్రాగన్ కనిపించే అవకాశం సుమారు 57 శాతం. పేజీల కొద్దీ వర్ణన రాయకుండానే, ఏ పంక్తిని ఎక్కడ పెట్టారన్నదే ఆ ప్రపంచాన్ని వర్ణిస్తుంది.

1974 నాటి నియమాల్లోనే ఈ గణితం కనిపిస్తుంది. ఎదురైన ప్రాణి ఆటగాళ్లను చూసి ఎలా స్పందిస్తుందో తేల్చడానికి రెండు పాచికలు వేసేవారు. 2 నుంచి 5 వస్తే వ్యతిరేకత, 6 నుంచి 8 వస్తే ఎటూ తేలని స్థితి, 9 నుంచి 12 వస్తే సుముఖత. లెక్క కడితే వీటి అవకాశాలు 36లో వరుసగా 10, 16, 10. అంటే అన్నిటికన్నా ఎక్కువగా, దాదాపు 44 శాతం సార్లు, రాక్షసుడు ఏం చేయాలో తోచక నిలబడిపోతాడు. ఆటగాళ్లు మాట్లాడటానికి, బేరమాడటానికి, తప్పించుకోవడానికి అదే అదను. కనిపించగానే కత్తి దూయడమే ఆట అనుకునేవారికి ఈ పట్టిక మరో దారి చూపింది.

పది నిమిషాలకో పాచిక

అదే తొలి ఆటలో, భూగర్భ సొరంగాల్లో తిరిగేటప్పుడు కాలాన్ని పది నిమిషాల ‘టర్న్’లుగా లెక్కిస్తారు. ప్రతి టర్న్ చివర గేమ్ మాస్టర్ ఆరు ముఖాల పాచిక వేస్తాడు. 6 పడితే ఏదో ఒక సంచార ప్రాణి ఎదురవుతుంది.

ఒక టర్న్‌లో ప్రమాదం ఆరింట ఒకటే. ఎక్కువేమీ కాదనిపిస్తుంది. కానీ గంటకు ఆరు టర్న్‌లు. ఆరింటిలోనూ 6 పడకుండా ఉండే అవకాశం 5/6ను ఆరుసార్లు గుణిస్తే వస్తుంది. అది సుమారు 0.335. అంటే గంట తిరిగితే కనీసం ఒకసారి ఏదైనా ఎదురయ్యే అవకాశం 66 శాతం దాటుతుంది. రెండు గంటలైతే దాదాపు 89 శాతం.

తొలి నియమాల ప్రకారం పాత్రలకు అనుభవ పాయింట్లు ప్రధానంగా తెచ్చుకున్న నిధి వల్లే వచ్చేవి. దారిలో తగిలే సంచార ప్రాణుల దగ్గర దోచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ప్రతి గోడనూ తట్టి చూస్తూ, ప్రతి గదిలో మళ్లీ మళ్లీ వెతుకుతూ కూర్చుంటే లాభం లేని పోట్లాటలు మీద పడతాయి. ఆ విధంగా ఒక్క పాచిక కాలానికి విలువ తెచ్చింది. వెతకాలా, ముందుకు పోవాలా అన్న ప్రతి నిర్ణయం వెనుకా ప్రాణభయం చేరింది.

ఇక్కడే ఒక సాధారణ అపోహ కూడా బయటపడుతుంది. ఐదు టర్న్‌లు ఏమీ ఎదురుకాలేదు కాబట్టి ఆరోసారి తప్పక వస్తుందని ఆటగాళ్లు గుసగుసలాడుకుంటారు. పాచికకు జ్ఞాపకం లేదు. ఆరోసారీ అవకాశం ఆరింట ఒకటే. మొదటే కూర్చుని గంట మొత్తానికి లెక్క కట్టడం వేరు, ఐదు టర్న్‌లు గడిచాక మిగిలిన ఒక్కదానికి లెక్క కట్టడం వేరు.

ఒక ఫలితం నుంచి మరో ఫలితం

విడివిడి పట్టికలతో వచ్చే ఇబ్బంది పొంతన లేకపోవడం. ఎడారి అని ఒక పట్టిక, చేపల వేట మీద బతికే ఊరని మరో పట్టిక చెప్పవచ్చు. దీనికి చక్కటి పరిష్కారం 1977లో మార్క్ మిల్లర్ రూపొందించిన ‘ట్రావెలర్’ ఆటలో ఉంది. అది ఫాంటసీ కాదు, అంతరిక్ష యాత్రల ఆట. కానీ ప్రపంచాలు కట్టే పద్ధతి ఎక్కడైనా పనికొస్తుంది.

దానిలో గ్రహం పరిమాణానికి రెండు పాచికలు వేసి, మొత్తంలోంచి 2 తీసేస్తారు. పరిమాణం 8 వస్తే వ్యాసం 8,000 మైళ్లు, దాదాపు మన భూమి అంత. తర్వాత వాతావరణానికి మళ్లీ రెండు పాచికలు వేసి, 7 తీసేసి, పరిమాణం సంఖ్యను కలుపుతారు. ఈ 7 ఎందుకు? రెండు పాచికల మొత్తానికి సగటు సరిగ్గా 7. దాన్ని తీసేస్తే మిగిలేది సున్నా చుట్టూ అటూ ఇటూ ఊగే సంఖ్య. దానికి పరిమాణం కలిపితే, వాతావరణం పరిమాణానికి దగ్గరగానే ఉంటూ కొంత తేడా చూపిస్తుంది. పరిమాణం 8 ఉన్న గ్రహానికి వాతావరణం సున్నా రావడం అసాధ్యం. పరిమాణం 2 ఉన్న చిన్న గ్రహానికి గాలి బొత్తిగా లేకపోయే అవకాశం 36లో 10. చిన్న గ్రహాల గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి అవి వాయువులను పట్టి ఉంచలేవన్న భౌతికశాస్త్ర సూత్రం ఒక్క కూడికలో ఇమిడిపోయింది.

అదే పద్ధతిలో జనాభా నుంచి ప్రభుత్వం, ప్రభుత్వం నుంచి చట్టాల కాఠిన్యం పుడతాయి. గణితంలో దీన్ని షరతులతో కూడిన సంభావ్యత అంటారు. ఫాంటసీ లోకానికీ ఇదే సూత్రం: ముందు నేల, తర్వాత నీరు, తర్వాత పంట, ఆ తర్వాత ఊరు, చివరికి ఊరి గొడవ. ప్రతి మెట్టూ కింది మెట్టు మీద కొంతవరకే ఆధారపడాలి. పూర్తిగా ఆధారపడితే ఆశ్చర్యం ఉండదు, అసలు ఆధారపడకపోతే అర్థం ఉండదు.

60 పంక్తులు, 8,000 ఊళ్లు

పట్టికల అసలు బలం కలయికల్లో ఉంది. 20 పంక్తుల జాబితాలు మూడు రాసి, ఒక్కోదానికి ఒక్కో పాచిక వేస్తే 20 × 20 × 20 = 8,000 ఫలితాలు వస్తాయి. రాసింది మాత్రం 60 పంక్తులే. ఈ సూత్రం భారతీయ గణితానికి కొత్త కాదు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో సుగంధ ద్రవ్యాల తయారీ గురించి చెబుతూ, 16 ద్రవ్యాల్లోంచి నాలుగేసి ఎంచుకుంటే 1,820 రకాల మేళవింపులు వస్తాయని లెక్క కట్టాడు.

తెలుగులో ఆడేవారికి ఊళ్ల పేర్ల పట్టిక చక్కటి ఉదాహరణ. మొదటి జాబితా చెట్లు: చింత, వేప, తాటి, మర్రి, రావి, మామిడి. రెండో జాబితా పేరు చివర వచ్చే మాటలు: పల్లి, పాడు, గూడెం, వరం, పాలెం, కుంట. రెండు పాచికలు విడివిడిగా వేస్తే 36 పేర్లు. చింతపల్లి, మర్రిపాడు నిజంగా ఉన్న ఊళ్లే. వేపకుంట అని వస్తే ఆ ఊళ్లో ఒక చిన్న చెరువు ఉందని, తాటిగూడెం అని వస్తే అడవి అంచున నాలుగు గుడిసెల ఊరని గేమ్ మాస్టర్‌కు అప్పటికప్పుడే తోస్తుంది. పేరే సగం వివరం చెప్పేస్తుంది.

అయితే 8,000 అనే సంఖ్యకు మురిసిపోకూడదు. కంప్యూటర్‌తో కథలు, బొమ్మలు పుట్టించే పద్ధతులపై పనిచేసిన కేట్ కాంప్టన్ దీన్ని పదివేల గిన్నెల ఓట్‌మీల్ జావతో పోల్చారు. ఏ రెండు గిన్నెల్లోనూ గింజలు ఒకే తీరున ఉండవు. గణితం ప్రకారం ప్రతి గిన్నె ప్రత్యేకమే. తాగేవారికి మాత్రం అదంతా ఒకే జావ. ఆటగాళ్లు గుర్తుంచుకునే తేడాలే అసలు తేడాలు.

పునరావృతం కూడా అనుకున్నదానికన్నా త్వరగా వస్తుంది. 20 పంక్తుల పట్టికను ఆరుసార్లు వాడితే, ఏదో ఒక ఫలితం రెండోసారి వచ్చే అవకాశం 56 శాతం. మరోవైపు మొత్తం 20 ఫలితాలూ ఒక్కసారైనా రావాలంటే సగటున 72 సార్లు పాచిక వేయాలి. అందుకే అనుభవమున్న గేమ్ మాస్టర్లు వాడిన పంక్తిని కొట్టేసి కొత్తది రాస్తారు. దోపిడీ ముఠా నాయకుడు చనిపోతే, ఆ పంక్తిలో ‘నాయకుడి కోసం వెతుకుతున్న తమ్ముడు’ చేరతాడు. పట్టిక కథతోపాటు ఎదుగుతుంది.

నేల నేర్పే దగ్గరి దారులు

పటం గీయడానికి భూగోళ శాస్త్రం కొన్ని సులువులు చెబుతుంది. నదులు సాధారణంగా ఒకదానిలో ఒకటి కలుస్తూ పోతాయి. పాయలుగా విడిపోవడం సముద్రం దగ్గర డెల్టాలో జరుగుతుంది, ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలినట్టు. తేమ గాలి వీచే వైపు కొండవాలుపై వానలు ఎక్కువ, అవతలి వైపు తక్కువ. పడమటి కనుమల తూర్పున దక్కన్ పీఠభూమి పొడిగా ఉండటానికి కారణం ఇదే. ఈ రెండు నియమాలు గుర్తుంచుకుంటే పటం సగం దానంతటదే నిండుతుంది.

చాలా ఆటల్లో పటాన్ని తేనెపట్టులా షడ్భుజాలుగా విభజిస్తారు. చదరపు గడిలో మూలన ఉన్న పొరుగు గడి పక్క గడికన్నా 1.41 రెట్లు దూరం. షడ్భుజంలో ఆరు పొరుగు గడులూ సమాన దూరంలో ఉంటాయి. దారి తప్పితే ఎటు వెళ్తారో తేల్చడానికి ఆరు ముఖాల పాచిక సరిగ్గా సరిపోతుంది. ఆరు మైళ్ల వెడల్పున్న గడి బాగా వాడుకలో ఉంది. దాని మధ్యలో నిలబడితే అంచు 4.8 కిలోమీటర్ల దూరం. చదును నేలపై 1.6 మీటర్ల ఎత్తున్న కంటికి దిక్చక్రం సుమారు 4.5 కిలోమీటర్లు. అంటే ఒక గడి దాదాపు ఒక చూపు మేర.

జర్మన్ భూగోళ శాస్త్రవేత్త వాల్టర్ క్రిస్టాలర్ 1933లో దక్షిణ జర్మనీ పట్టణాలను పరిశీలించి, నేల అంతటా ఒకేలా ఉంటే మార్కెట్ కేంద్రాల పరిధులు షడ్భుజాకారంలో అమరుతాయని సూత్రీకరించాడు. మనిషి ఒక్కరోజులో సంతకు వెళ్లి ఇల్లు చేరాలన్న అవసరం ఊళ్ల మధ్య దూరాన్ని నిర్ణయిస్తుంది. మన వారపు సంతల వెనుకా ఉన్న లెక్క ఇదే. కాబట్టి గేమ్ మాస్టర్ ఖండాలన్నీ గీయనక్కర్లేదు. ఒక సంత ఊరు, చుట్టూ ఆరు గడులు సిద్ధం చేసుకుంటే కొన్ని వారాల ఆట నడుస్తుంది.

పాచిక నిజాయితీ

ఈ లెక్కలన్నీ పాచిక సమంగా ఉందన్న నమ్మకం మీద ఆధారపడినవే. ఈనాటి పాచికల్లో ఎదురెదురు ముఖాల మొత్తం 7. మొహెంజొదారోలో దొరికిన ఘనాకార పాచికల్లో 1కి ఎదురుగా 2, 3కి ఎదురుగా 4, 5కి ఎదురుగా 6 ఉండేవి. పాచిక ఒక వైపు కొంచెం నొక్కుకుపోయి ఉంటే, ఆ రెండు ఎదురెదురు ముఖాలే ఎక్కువగా పడతాయి. 1, 6 జంటగా ఎక్కువ పడినా సగటు 3.5 దగ్గరే నిలుస్తుంది. 1, 2 జంటగా ఎక్కువ పడితే సగటు పడిపోతుంది. మొత్తాలు కూడే ఆటల్లో ఈనాటి అమరిక మేలే. పట్టికకు మాత్రం అది రక్ష కాదు, ఎందుకంటే పట్టికలో సగటుతో పని లేదు, ఏ పంక్తి వచ్చిందన్నదే ముఖ్యం.

బ్రిటిష్ జీవశాస్త్రవేత్త వెల్డన్ 1894లో 12 పాచికలను 26,306 సార్లు వేసి ఫలితాలు నమోదు చేశాడు. 5, 6 సంఖ్యలు రావాల్సినదానికన్నా స్వల్పంగా ఎక్కువ వచ్చాయి. చుక్కల కోసం తొలిచిన గుంతలు ఎక్కువ ఉన్న ముఖాలు తేలికై పైకి తేలుతాయన్నది దానికి చెప్పే కారణం. కార్ల్ పియర్సన్ 1900లో తన ప్రసిద్ధ కై-వర్గ పరీక్షను వివరించడానికి ఈ లెక్కలనే వాడుకున్నాడు. ఈనాడు మందుల పరీక్షల నుంచి సర్వేల దాకా వాడే ఆ సాధనం తొలిరోజుల్లో పాచికల మీదే సానపట్టుకుంది.

పట్టిక ఆగే చోటు

పట్టిక ‘పాత గుడి, లోపల దీపం’ అంటుంది. ఆ దీపం ఎవరు పెట్టారో చెప్పదు. రెండు సంబంధం లేని విషయాలను పక్కపక్కన పెట్టడమే దాని పని. వాటి మధ్య కారణం వెతికేది మనిషి. దోపిడీ ముఠా భయంతో ఊరు వదిలిన పూజారి ఒక్కడే రాత్రిపూట వచ్చి దీపం పెడుతున్నాడని గేమ్ మాస్టర్‌కు తోచిన క్షణంలో పట్టిక కథగా మారుతుంది. ఫలితం కథకు బొత్తిగా పొసగకపోతే పక్కన పెట్టే హక్కు కూడా ఆయనకుంది. అయితే పాత్ర ప్రాణం మీదకు వచ్చే పాచికను అందరి ఎదుటా వేసి, పడినదాన్ని అంగీకరిస్తేనే ఆటగాళ్ల నమ్మకం నిలుస్తుంది. నచ్చని ప్రతిసారీ చెరిపేస్తే పాచిక ఉండీ లేనట్టే.

సంభావ్యతను పాఠంగా చదివే విద్యార్థులకు ఇది మంచి అభ్యాసం. 2 నుంచి 12 దాకా పంక్తులు వేసి సొంత పట్టిక రాయాలి. ఏది అరుదో, ఏది మామూలో ముందే నిర్ణయించుకోవాలి. రెండు పాచికలు 36 సార్లు వేసి ప్రతి ఫలితం ఎదుటా ఒక గీత గీయాలి. గీతలు సిద్ధాంతం చెప్పినట్టు అచ్చంగా రావు. 7 ఆరుసార్లకు బదులు నాలుగుసార్లే రావచ్చు, 2 అసలే రాకపోవచ్చు. తరగతిలోని పది బృందాల గీతలన్నీ కలిపి కూడితే, మధ్యలో ఎత్తుగా, చివర్లలో పల్లంగా ఉండే కొండ ఆకారం మెల్లగా తేలుతుంది.